నీటి సంఘం అంటే పూడికతీత బిల్లేనా? మన బోదె నీళ్లకి కాపలా ఎవరు?

ఈసారి వీడియోలో కషాయాలు లేవు, జీవామృతం తయారీ లేదు. ఒక పంట బోదె, దాని పక్కన నా ఆకుకూర మళ్లు, అంతే. నాలుగో నిమిషం దగ్గర ఆపి గోంగూర ఆకు చూడండి. ముదురాకుల అంచులు ముందు పసుపు తిరిగాయి, తర్వాత కాలినట్టు అయ్యాయి. లేత చిగురు మాత్రం పచ్చగానే ఉంది. తెగులైతే అలా రాదు. పోషక లోపమైతే మళ్లన్నీ ఒకే వారంలో పోవు. నేను వ్యవసాయ డిప్లొమా చదివేటప్పుడు కలుపు మందుల పాఠంలో నేర్చుకున్న లక్షణాలు సరిగ్గా ఇవే. అట్రజిన్ దెబ్బ.

నా పొలంలోకి కలుపు మందు డబ్బా రాక ఎనిమిదేళ్లయింది. మరి అట్రజిన్ ఎక్కడిది? బోదెలోంచి వచ్చింది. వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న వేసేవాళ్లు గింజ పెట్టగానే అట్రజిన్, పారాక్వాట్ కలిపి కొడతారని మన ప్రాంతంలో తెలియని వాళ్లు లేరు. ఒకప్పుడు మినుము చల్లిన పొలాలే ఇవన్నీ. ఆ రెండు మందుల్లో పారాక్వాట్ పేరు వింటే మనకి భయం ఎక్కువ, కానీ అది మట్టికి తగలగానే అతుక్కుపోతుంది. అట్రజిన్ అలా కాదు, నీళ్లతో కదులుతుంది. భూగర్భ జలాల్లో తేలుతోందనే యూరోపియన్ యూనియన్ 2004లో దానికి అనుమతి తీసేసింది. మన దగ్గర అది సంతలో ఉప్పు ప్యాకెట్టంత తేలిగ్గా దొరుకుతుంది.

నాకు పైన మూడో పొలం చేసేది బాబాయ్ వరసాయన. కౌలుకి చేస్తున్నాడు. "డ్రమ్ము బోదెలో కడిగావా బాబాయ్?" అని అడిగితే, "మరెక్కడ కడగమంటావురా, మీ పిన్ని వంటింట్లోనా?" అన్నాడు. ఎకసెక్కం కాదండి, నిజంగానే అడిగాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

నష్టం లెక్క చెబితే చిన్నదే. ఐదు సెంట్ల ఆకుకూర. కానీ తెనాలిలో నా బుట్ట తీసుకునే ఇళ్లకి రెండు వారాలు సరుకు లేదని మెసేజ్ పెట్టాల్సి వచ్చింది. ఎందుకు లేదో కూడా రాశాను. అంతకంటే కష్టమైన పని మా పీజీఎస్ గ్రూపులో చెప్పడం. మేం ఐదుగురం ఒకరి పొలం ఒకరు చూసి సంతకం పెట్టుకుంటాం. దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. చెప్పాను. ఆ ముక్కని ఈ సీజనుకి సేంద్రియం లెక్కలోంచి తీసేశాం. పక్కవాడి గాలి తగలకుండా గట్టు మీద కంది, ఆముదం వేసి బఫర్ పెట్టుకున్నాం కదా, మరి నీళ్లకి బఫర్ ఏదిరా అని గ్రూపులో పెద్దాయన అడిగారు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

ఫిర్యాదు చేద్దామని తిరిగాను. వ్యవసాయం వాళ్లు, నీళ్లు మా పరిధి కాదు అన్నారు. నీళ్లు వదిలే వాళ్లు, టైముకి వదలడం మా పని, అందులో ఏం కలిసిందో మేం ఎలా చెప్తాం అన్నారు. ఊళ్లో పెద్దలు, అది తాగే నీరు కాదుగా అన్నారు. కాలుష్యం చూసే వాళ్లకి ఫ్యాక్టరీ గొట్టం కావాలి, డ్రమ్ము కాదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. టీ కూడా ఇచ్చారు.

చివరికి ఇంటికొచ్చి 1997 నాటి చట్టం తీసి చదివాను. ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం. నీటి సంఘాలు పుట్టింది దీంతోనే. రైతు సంఘాల లక్ష్యాలు ఏమిటో ఒకచోట రాశారు. నీటిని సభ్యుల మధ్య పంచడం, కాలువలు బాగుచేయడం, నీటిని పొదుపుగా వాడటం, ఇవి మనకి తెలిసినవే. అదే వరుసలో పర్యావరణాన్ని కాపాడటం, ప్రకృతి సమతుల్యం నిలపడం అని కూడా ఉంది. నేరాల జాబితాలో కాలువకి గండి కొట్టడం, తూము తిప్పడంతో పాటు నీటిని పాడుచేయడం కూడా ఉంది. 1997 నుంచీ ఉందన్నమాట! నేను బడికెళ్లే రోజుల నుంచీ!

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటి చెప్పాలి. దీనికి సరిగ్గా నెల ముందు, 2024 డిసెంబరు 14న, మా ఊళ్లో నీటి సంఘం ఎన్నిక జరిగింది. రాష్ట్రమంతా ఒకేసారి జరిగాయి, ఆరు వేలకి పైగా సంఘాలకి. నేనూ వెళ్లాను. చెట్టు కింద కూర్చున్నాం, పావుగంటలో ఏకగ్రీవం అయింది, ఎవరో బిస్కెట్లు పంచారు. నేను ఫోన్లో జీవామృతం వీడియో ఎడిట్ చేసుకుంటూ కూర్చున్నాను. ఎవరు ప్రెసిడెంటైతే మనకేంటి, ఆ పూడికతీత బిల్లులు వాళ్లు చూసుకుంటారు అనుకున్నాను. మనలో ఎక్కువమంది అలాగే అనుకుంటారని నాకు తెలుసు.

ఇక్కడ మన ఉద్యమం మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. కోపం తెచ్చుకోకండి. నా పొలం నేను బాగుచేసుకుంటే చాలు, వాఫస కుదిరితే నీళ్ల అవసరమే తగ్గిపోతుంది అంటాం. అనంతపురం మెట్టలో ఆ మాట చెల్లుతుంది. అక్కడ వాన చినుకు నేరుగా నీ చేలోనే పడుతుంది. ఇక్కడ డెల్టాలో నా పొలానికి వచ్చే నీరు ఎంతమంది చేతుల మీదుగా వస్తుందో లెక్కపెట్టండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరి, దుగ్గిరాల లాకుల దగ్గర చీలి, తెనాలి ఊరు మధ్యగా వెళ్లి, ఊరి మురుగు కలుపుకుని, మేజరు, మైనరు, బోదె దాటి, చివర్లో మడి మీద మడిగా పారి వస్తుంది. 1855లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి, 1957లో బ్యారేజీ వచ్చాక కూడా, డెల్టా రైతు పక్కవాడి నీళ్లతోనే బతుకుతున్నాడు. మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, గర్వపడదాం. ఆ పనంతా మహిళా సంఘాల ద్వారా, ఊరి స్థాయిలో బాగా నడిచింది. కానీ నీటి సంఘం సమావేశంలో ప్రకృతి వ్యవసాయం అనే మాట నేనెప్పుడూ వినలేదు. వాళ్లు అనలేదు, మనం వెళ్లి అడగలేదు.

నీళ్ల విషయం నాకు మొదటిసారి తగిలింది 2023లో. ఆ ఏడు కృష్ణకి పైనుంచి నీరు సరిగా రాలేదు. మాది రేపల్లె వైపు శివారు. వంతుల వారీ అన్నారు, వంతు వచ్చేసరికి కాలువలో చెప్పు తడవనంత నీరు. బాపట్లలో పుట్టిన 5204నే నేను ప్రకృతి పద్ధతిలో వేస్తున్నాను, అది పొట్ట మీద ఉంది. ఏం చేయాలి? అందరూ చేసిందే నేనూ చేశాను. ఇంజను పెట్టి డ్రెయినులోంచి తోడాను. తోడే ముందు ఈసీ మీటరు ముంచితే 4 దాటింది. వరికి నేలలో 3 దాటితేనే దిగుబడి పడిపోవడం మొదలవుతుందని చదువుకున్నవాణ్ణి. తెలిసీ పెట్టాను. ఎండబెట్టుకోవడమా, ఉప్పు పెట్టుకోవడమా అంటే ఉప్పే ఎంచుకున్నాను. గింజ తాలు పోయింది. తర్వాత డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, మిగిలింది అది పట్టుకుపోయింది. ఎనిమిదేళ్లు ఘనజీవామృతం వేసి పెంచుకున్న నేల అది. ఉప్పు దిగడానికి ఇంకో వర్షాకాలం పట్టింది.

డ్రెయినులో ఉప్పు ఎందుకుందంటే రెండు కారణాలు. ఒకటి సముద్రం. పైనుంచి మంచినీటి ఒత్తిడి లేకపోతే పోటు నీరు డ్రెయిన్ల వెంట లోపలికి ఎక్కుతుంది. రెండోది రొయ్యల చెరువులు. పంట తీసేటప్పుడు చెరువు నీరంతా అదే డ్రెయినులోకి వదులుతారు. నిజాంపట్నం, రేపల్లె, బాపట్ల తీరంలో ఇది అందరి కళ్ల ముందే జరుగుతుంది. రొయ్యల రైతుని నేను శత్రువుగా చూడను, మా మేనమామ కొడుకే చెరువు చేస్తాడు. వాడి ఇబ్బంది ఇంకోటి, పక్క చెరువు వైరస్ నీళ్లు వాడి చెరువులోకి వస్తాయి. అంటే వాడూ నాలాగే పక్కవాడి మురుగు తోడుకుంటున్నాడు. సాగు భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చొద్దని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో చెప్పింది. తర్వాత 2005లో కేంద్రం తీరప్రాంత ఆక్వా చట్టం తెచ్చింది, 2020లో రాష్ట్రం ఆక్వా అథారిటీ చట్టం తెచ్చింది. ఇన్ని చట్టాలున్నా నా ప్రశ్న చాలా చిన్నది. చెరువుకి అనుమతి ఇచ్చేముందు దిగువన ఆ డ్రెయిను నీరు తోడుకునే ఆయకట్టు రైతుల సంఘాన్ని ఒక్కసారి పిలిచి అడుగుతున్నారా? మా సంఘానికి అలాంటి కాగితం ఒక్కటి వచ్చినట్టు పాత ప్రెసిడెంటుకి గుర్తులేదు.

డ్రెయిన్ల పరిస్థితి మరీ విడ్డూరం. డెల్టాలో మునక ఎక్కువైందని 1960ల్లో మిత్రా కమిటీ వేశారు, డ్రెయిన్ల కోసం రైతుల దగ్గర సెస్సు కట్టించుకున్నారు. మా తాతగారు ఆ రసీదులు పెట్టెలో దాచారు. ఇప్పటికీ కాలువకి ఒక డివిజను, డ్రెయినుకి ఇంకో డివిజను. నీటికి ఆ తేడా తెలియదు పాపం. నా మడిలోకి వచ్చేదాకా కాలువ నీరు, మడి దిగగానే డ్రెయిను నీరు, కింద ఊరివాడు ఇంజను పెట్టగానే మళ్లీ సాగునీరు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక ఎన్నడూ లేనంత, వచ్చినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె లంకల వాళ్ల కష్టం టీవీల్లో చూశారు. టీవీకి ఎక్కని కష్టం లోపలి పొలాలది. మురుగు లాగక నారుమళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండి కుళ్లాయి.

జిల్లాల సంగతి కూడా ఇలాంటిదే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా వచ్చింది. తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, రేపల్లె, బాపట్ల కొత్త జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా పరిషత్తు మాత్రం పాత గుంటూరు లెక్కనే నడుస్తోంది. తెనాలి మురుగు కాలువ పట్టుకుని జిల్లా సరిహద్దు దాటి మా దగ్గరకి వస్తుంది. ఎవరిని అడగాలి? న్యూజిలాండులో 1989లో ప్రాంతీయ మండళ్లు పెట్టినప్పుడు సరిహద్దులు ఎక్కువగా నదీ పరీవాహకాల ప్రకారం గీశారు. నీరు ఎక్కడిదాకా పారితే మండలి అక్కడిదాకా. నెదర్లాండ్స్ మన డెల్టాలాంటిదే, ఇంకా పల్లం. అక్కడ 13వ శతాబ్దం నుంచి నీటి బోర్డులున్నాయి, ఇప్పుడు 21. జనం ఓటేసి ఎన్నుకుంటారు, బోర్డు తన పన్ను తానే వేసుకుంటుంది, కట్ట, మురుగు, నీటి నాణ్యత మూడూ ఒకే బోర్డు చూస్తుంది. అది డబ్బున్న దేశం, మనకి కుదరదులే అనొచ్చు. డబ్బు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆకారం మన దగ్గరా ఉంది కదండీ! నీటి సంఘం, దాని మీద డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ. మూడూ ఆయకట్టు లెక్కనే గీశారు, జిల్లా గీతతో పని లేదు. ఎకరాకి 200 నీటి తీరువాలో సంఘాలకి వాటా వెనక్కి రావాలని రాసుకున్నాం. మనకి లేనిది ఆ కుర్చీలో కూర్చుని నీటి నాణ్యత గురించి అడిగే మనిషి.

అంటే మనం వెళ్లి కూర్చుంటే అన్నీ అయిపోతాయని కాదు. సంఘాల మీద ఉన్న చెడ్డపేరు ఊరికే రాలేదు. కాలువ కట్టేశాక ఉన్న నెల రోజుల్లో హడావుడిగా పైపైన గీకి, నీరు వదిలాక పని చేశామంటే ఎవరు కొలుస్తారు? ఒక ఏడాది మా కాలువలో గుర్రపు డెక్క తీయడానికి కూలి ఎక్కువవుతుందని దాని మీదే కలుపు మందు కొట్టించారు. అది కుళ్లి, నీరు నల్లబడి, చేపలు తేలాయి. అదే డెక్కని మరుసటి ఏడు నేను ఆరు ట్రాక్టర్లు తెచ్చుకున్నాను. గట్టు మీద నాలుగు రోజులు వాడబెట్టి, పేడ, జీవామృతం చల్లి కుప్ప వేస్తే మూడు నెలలకి మంచి ఎరువైంది. పూత రాకముందే తీయాలి, గింజ పడితే ఏళ్ల తరబడి మొలుస్తుంది. ఊరి మురుగు నేరుగా కలిసే చోట డెక్క మాత్రం కూరగాయలకి వాడకండి, భారలోహాలు పీల్చుకునే మొక్క అది. ఇదంతా పాత వీడియోలో వివరంగా ఉంది.

ఇంకో లోటు ఓటుది. సంఘంలో ఓటు భూమి రికార్డులో పేరున్న వాడికి. కౌలుదారుగా రికార్డులో ఉంటే చట్టం ఒప్పుకుంటుంది, కానీ డెల్టాలో ఏ యజమాని రాయనిస్తాడు? 2019 చట్టం కింద కౌలు కార్డుకే సంతకం పెట్టడానికి భయపడుతున్నారు. మా బోదె మీద పొలాలు చేసేవాళ్లలో సగం మందికి పైగా కౌలు వాళ్లే. ఓట్లున్న వాళ్లు హైదరాబాదులో ఉన్నారు. డ్రమ్ము కడిగే మనిషికి సంఘంలో చోటు లేనప్పుడు, డ్రమ్ము ఎక్కడ కడగాలో సంఘం ఎవరికి చెప్తుంది? బాబాయ్ మీద నేను కేసు పెట్టలేదు, పెట్టను. పెడితే చట్టం గెలుస్తుందేమో, బోదె మీద మాత్రం పదిమంది నాకు దూరమవుతారు. రేపు నా వంతు నీరు రాత్రి రెండింటికి వచ్చినప్పుడు నాకు ఫోన్ చేసి లేపేది ఆయనే.

అందుకే ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు కట్టాను. స్వీడన్‌లో 1990ల్లో మొదలైన పద్ధతి ఒకటుంది. గడ్డి, మట్టి, పీట్ కలిపి గుంట నింపుతారు, స్ప్రేయరు కడిగిన నీరు అందులో పోస్తారు, గుంటలోని సూక్ష్మజీవులు మందుని విరగ్గొడతాయి. పీట్ మన దగ్గర లేదు. నేను వరిగడ్డి ముక్కలు రెండు పాళ్లు, మాగిన కంపోస్టు ఒకటి, పొలం మట్టి ఒకటి వేశాను. బోదెకి దూరంగా, మెరక మీద, అడుగున బంకమట్టి మెత్తి, పైన తాటాకు కప్పు, పక్కన చేతిపంపు. మా బోదె మీద రెండు గుంటలు పెట్టాను, ఖర్చు నాదే. బాబాయ్ రెండుసార్లు అక్కడ కడిగాడు, మూడోసారి మళ్లీ బోదెలోనే. "మరిచిపోయానురా" అన్నాడు. ఎరువు గుంటగా దాన్ని వాడొద్దని గుర్తుపెట్టుకోండి, అది మందుల గుంట.

నీటి సంఘం ప్రెసిడెంటు గారిని కలిసి మూడు అడిగాను. ప్రతి తూము దగ్గరా ఇలాంటి గుంట ఒకటి. నీరు వదిలిన రోజుల్లో వారానికోసారి కాలువ నీటికి, డ్రెయిను నీటికి ఈసీ చూసి పంపు షెడ్డు గోడ మీద సుద్దతో రాయడం, మీటరు నేనిస్తాను, లస్కరుకి ఒక్కరోజులో నేర్పొచ్చు. కౌలు రైతులకి ఓటు లేకపోయినా సమావేశానికి పిలుపు. ఆయన ఓపిగ్గా విన్నారు. "గుంట బాగుంది, వీడియోకి పనికొస్తుంది. ఏ పద్దు కింద రాయమంటావు చెప్పు, పూడికతీతకైతే పద్దు ఉంది" అన్నారు. చట్టంలో పర్యావరణం అన్న ఆ పేరా ఫోన్లో చూపించాను. కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ఇది మాకెవరూ చెప్పలేదే" అన్నారు. అబద్ధం ఆడుతున్నట్టు నాకు అనిపించలేదు.

కాలువ కట్టేసే ముందు సంఘం సమావేశం ఉంది. ఈ మూడూ ఎజెండాలో రాయించమని కాగితం ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకున్నాను. మా పీజీఎస్ గ్రూపులో మిగతా నలుగురూ వస్తున్నారు, వాళ్లలో ఇద్దరికే ఓటుంది. బాబాయ్‌ని కూడా రమ్మన్నాను. "నన్ను లోపలికి రానిస్తారా?" అని అడిగాడు. నా బండి మీద తీసుకెళ్తానన్నాను.